చీకట్లో వెచ్చటి చుక్క

1986 జనవరి. కడప జిల్లా లంకమల కొండల పక్కనున్న రెడ్డిపల్లె. రాత్రిపూట ముళ్లపొదల మధ్య టార్చిలైటు పట్టుకుని వేటకు తిరుగుతున్న ఓ ఊరాయనకు వెలుగులో ఓ పిట్ట కనపడింది. పొడుగు కాళ్లు, పెద్ద కళ్లు, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. వెలుగు కళ్లలో పడేసరికి దానికి ఎటు పోవాలో తోచలేదు. ఒడుపుగా పట్టేసి ఇంటికి తెచ్చాడు. అది మామూలు పిట్ట కాదు. 1848లో జెర్డన్ అనే ఇంగ్లిష్ వైద్యుడి పుణ్యమా అని లోకానికి తెలిసి, 1900 తర్వాత ఏ శాస్త్రవేత్త కంటా పడక, ఇక లేదనుకుని అందరూ నీళ్లొదిలేసుకున్న పిట్ట... కలివికోడి!

బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ అప్పటికే దానికోసం ఆ చుట్టుపక్కల ఊళ్లు గాలిస్తున్నారు. కబురు బొంబాయికి చేరింది. తొంభయ్యో పడికి చేరువైన సలీం అలీ ఆఘమేఘాల మీద బయల్దేరారు. ఆయన వచ్చేసరికి పిట్ట చచ్చిపోయింది.

ఆ టార్చిలైటే లేకపోతే కలివికోడి ఇంకా బతికే ఉందన్న సంగతి ఎవరికీ తెలిసేది కాదు. తెలిసింది సరే, తెలియజెప్పిన పిట్ట మాత్రం దక్కలేదు.

రాత్రి తిరిగే జీవాల్ని చూడాలనుకునేవారికి మొదట్నుంచీ ఇదే చిక్కు. వెలుగు లేకపోతే అవి మనకు కనపడవు. వెలుగు వేస్తే వాటికి ఏమీ కనపడదు. చీకటికి అలవాటుపడ్డ కంట్లో టార్చి పడిందంటే పిట్ట కాసేపు గుడ్డిదైపోతుంది. పొంచి ఉన్న నక్కకో అడవిపిల్లికో ఆ కాసేపు చాలు. అందుకే 2000 తర్వాత లంకమలలో పనిచేసిన పరిశోధకులు వేరే దారులు తొక్కారు. పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారి దాని మీద అడుగుజాడలు వెతికేవారు. ఏదైనా అడ్డొస్తే దానంతటదే ఫొటో తీసుకునే కెమెరాలు కట్టారు. రికార్డు చేసిన పిలుపును వినిపించి, జవాబు వస్తుందేమోనని చెవులు రిక్కించి కూర్చునేవారు.

వెలుగే అక్కర్లేకుండా చూడగలిగితే? అదే పని చేస్తాయి థర్మల్ కెమెరాలు. సైన్యం దగ్గర్నుంచి, అగ్నిమాపక దళం దగ్గర్నుంచి బయటపడి, ఈ పదేళ్లలో పక్షిప్రేమికుల మెడలో బైనాక్యులర్స్ పక్కన చేరాయి. ముఖ్యంగా బ్రిటన్, ఐరోపా దేశాల్లో. మన దగ్గరా మెల్లగా కనిపిస్తున్నాయి.

ఇది చూసేది వెలుగుని కాదు, వేడిని. కొలిమిలోంచి తీసిన ఇనుము ఎర్రగా మెరుస్తుంది. కాసేపటికి నల్లబడుతుంది. అయినా చెయ్యి దగ్గర పెడితే సెగ తగులుతుంది కదా! ఆ సెగ కూడా ఒకరకం వెలుగే. మన కంటికి ఆనదంతే. ఈ సంగతి మొదట పట్టుకున్నది యురేనస్ గ్రహాన్ని కనిపెట్టిన విలియం హెర్షెల్. 1800లో ఆయన పట్టకంలోంచి ఎండను పంపి, విడిపోయిన ఒక్కో రంగులో ఒక్కో థర్మామీటర్ పెట్టి చూశారు. ఎరుపు దాటాక, రంగంటూ ఏమీ లేని ఖాళీ చోట పెట్టిన థర్మామీటరే అన్నిటికంటే ఎక్కువ వేడి చూపించింది. వాటినే ఇప్పుడు పరారుణ కిరణాలంటున్నాం. 1880 ప్రాంతంలో అమెరికా శాస్త్రవేత్త లాంగ్లీ ఈ కిరణాల్ని కొలిచే బోలోమీటర్ తయారుచేశారు. పావుమైలు దూరంలో ఉన్న ఆవు ఒంటి వేడిని కూడా అది పసిగట్టేదని చెబుతారు. అంటే, వేడిని బట్టి జంతువును పట్టుకునే కథ ఓ ఆవుతో మొదలైందన్నమాట!

రాయి, చెట్టు, పిట్ట, మనిషి... ప్రతిదీ ఎంతో కొంత పరారుణ కాంతిని వెదజల్లుతూనే ఉంటుంది. మన ఒంటి వేడికి వెలువడే కిరణాల పొడవు దాదాపు 10 మైక్రాన్లు. కంటికి కనిపించే వెలుగుకంటే పదిహేను ఇరవై రెట్లు ఎక్కువ. థర్మల్ కెమెరా లోపల గోరంత పలక మీద వేల సంఖ్యలో చిన్నచిన్న గళ్లు ఉంటాయి. ఒక్కో గడి వెడల్పు వెంట్రుక మందంలో ఐదారో వంతు. కిరణం పడిన గడి వేడెక్కుతుంది, దాన్ని బట్టి అందులో ప్రవహించే కరెంటు మారుతుంది. ఆ తేడానే బొమ్మగా చూపిస్తుంది కెమెరా. డిగ్రీలో ఇరవై ఐదో వంతు తేడా ఉన్నా చాలు. పాతరోజుల్లో ఇలాంటి సెన్సర్లను చల్లబరచడానికి ద్రవ నత్రజని కావాల్సివచ్చేది. ఆ అవసరం లేని రకాన్ని అమెరికా సైన్యం సొమ్ముతో హనీవెల్ సంస్థ తయారుచేసింది. 1992 దాకా అది రహస్యమే. ఆ రహస్యం బయటపడబట్టే ఇవాళ గుప్పిట్లో పట్టే కెమెరాలొచ్చాయి.

సినిమాల్లో సైనికులు పెట్టుకునే ఆకుపచ్చ బొమ్మల కళ్లద్దాలు వేరు, ఇవి వేరు. అవి ఉన్న కాస్త వెన్నెల్నో చుక్కల వెలుగునో పెంచి చూపిస్తాయి. థర్మల్ కెమెరాకు ఆ కాస్త వెలుగూ అక్కర్లేదు. పట్టపగలైనా, అమావాస్య అయినా ఒకటే. పైగా తను ఏ కిరణాన్నీ బయటకు వదలదు. చూస్తున్నట్టు ఎదుటి జీవికి తెలియనే తెలియదు.

మరి పిట్ట ఎలా కనిపిస్తుంది? ఒళ్లంతా మెరిసిపోతూ ఉంటుందనుకుంటే పొరపాటే. పక్షి ఒంటి వేడి 40 డిగ్రీలకు పైమాట, మనకంటే ఎక్కువ. కానీ అదంతా ఈకల దుప్పటి కింద భద్రంగా ఉంటుంది. బయటకు పొక్కేది కళ్ల దగ్గర, ముఖం దగ్గర, కాళ్ల దగ్గర. అందుకే గుడ్లగూబను చూస్తే కొమ్మ మీద రెండు దీపాలు వెలిగించినట్టు కళ్లు మాత్రం ధగధగలాడతాయి, ఒళ్లు మసకగా ఉంటుంది. టౌకాన్ అనే దక్షిణ అమెరికా పక్షి పెద్ద ముక్కు ఒంట్లో వేడిని బయటకు పంపే రేడియేటర్‌లా పనిచేస్తుందని 2009లో తేల్చింది ఈ కెమెరాలే. అంటార్కిటికాలో ఎంపరర్ పెంగ్విన్లను పరిశీలిస్తే ఇంకో విచిత్రం బయటపడింది. వాటి పైఈకలు చుట్టూ ఉన్న గాలికంటే చల్లగా ఉన్నాయట! ఇక మంచు ఎలుగుబంటి సంగతి చెప్పనే అక్కర్లేదు. బొచ్చు కింద వేడిని అది ఎంత పొదుపుగా దాచుకుంటుందంటే, కెమెరాకు దాదాపు దొరకదు.

బ్రిటన్‌లో దీని రుచి బాగా తెలిసింది జాక్ స్నైప్‌తో. మన ఉల్లంకి పిట్టకు పొట్టి దాయాది. చలికాలంలో మన దేశానికీ వస్తుంది. చిత్తడి గడ్డిలో నక్కి కూర్చుందంటే కాలు దాదాపు మీద పడేదాకా లేవదు. దాని రంగు అలాంటిది మరి. ఏ చెరువులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలంటే గడ్డంతా తొక్కుకుంటూ లేపుకుంటూ పోవడమే పాత పద్ధతి. థర్మల్ కెమెరా పట్టుకున్నాక, ఖాళీ అనుకున్న గడ్డిలో ఒక్కొక్క తెల్లచుక్కా వెలగడం మొదలైంది. రాత్రిపూట పొలాల్లో వాలే వుడ్‌కాక్‌లనూ ఇలాగే కనిపెట్టి, వలతో పట్టి, కాలికి ఉంగరం తొడిగి వదిలేస్తారు. లంకమల ఊరాయన చేసిన పనే, కాకపోతే ఆ చేతులు వదిలిపెట్టడం నేర్చినవి.

జర్మనీ రైతుల కథ ఇంకా బాగుంటుంది. అక్కడ మే, జూన్ నెలల్లో పశుగ్రాసం కోస్తారు. సరిగ్గా అప్పుడే రో జింకలు ఆ గడ్డిలో పిల్లల్ని పెడతాయి. అలికిడైతే పారిపోకుండా నేలకు కరుచుకుని పడుకోవడమే జింకపిల్లకు పుట్టుకతో వచ్చిన తెలివి. నక్కనుంచి కాపాడిన ఆ తెలివే కోతయంత్రం కింద ప్రాణం తీస్తుంది. అందుకని కోతరోజు సూర్యుడు రాకముందే స్వచ్ఛంద సేవకులు థర్మల్ కెమెరా కట్టిన డ్రోన్లు ఎగరేస్తారు. చల్లటి గడ్డిలో వెచ్చటి చుక్క కనిపిస్తే వెళ్లి, చేతికి గడ్డి చుట్టుకుని, మనిషి వాసన అంటకుండా పిల్లను తీసి గట్టున పెడతారు. పొలాల్లో తీతువు గూళ్లనూ ఇలాగే డ్రోన్లతో వెతికి, దున్నే ముందే గుర్తులు పెట్టే ప్రయత్నాలు జరిగాయి.

సూర్యుడు రాకముందే అన్న మాట గుర్తుపెట్టుకోవాలి. థర్మల్ కెమెరా బలహీనత అక్కడే ఉంది. అది వేడిని కాదు, వేడిలో తేడాని చూస్తుంది. ఎండకు నేల కాగిపోయిందంటే ప్రతి బండా ఓ జంతువే, ప్రతి చీమలపుట్టా ఓ కుందేలే! చలిదేశంలో అద్దంలా కనిపించే బొమ్మ, రాయలసీమ ఎండాకాలంలో పొద్దుపోయాక కూడా పిండి చల్లినట్టుంటుంది. వర్షంలో, దట్టమైన మంచులో చూపు తగ్గుతుంది. ఆకుల వెనకున్నది కనపడదు. పాముల్లాంటి చల్లనెత్తురు జీవాలు పరిసరాల్లో కలిసిపోతాయి కాబట్టి, ఇది చేతిలో ఉంది కదాని రాత్రిపూట చెప్పుల్లేకుండా గట్టుమీద నడవడం తెలివైన పని కాదు. ఇంకో తమాషా... కారు అద్దంలోంచి చూస్తే బయట ఏముందో కనపడదు, మీ మొహమే కనిపిస్తుంది! ఈ కిరణాలు గాజును దాటలేవు. అందుకే లెన్సులు జెర్మేనియంతో చేస్తారు. కెమెరాకు అంత ధర ఉండటానికి అదీ ఓ కారణం. మధ్యమధ్యలో ‘టిక్’మని చప్పుడై బొమ్మ క్షణంపాటు నిలిచిపోతే కంగారుపడక్కర్లేదు. తనను తాను సరిచూసుకుంటోందన్నమాట.

అన్నిటికంటే పెద్ద లోపం వేరే ఉంది. ‘అక్కడ ఏదో ఉంది’ అని చెబుతుంది గానీ, అదేమిటో చెప్పదు. రంగు లేదు, ఈకల మీద గీతల్లేవు. వంద గజాల అవతల తెల్లచుక్క ఒకటి కదులుతోంది. తీతువా? నైట్‌జారా? కుందేలా? లేక ఏ మేకపిల్లో దారితప్పిందా? తెలుసుకోవాలని మనసు పీకుతుంది. చెయ్యి జేబులోకి పోతుంది. టార్చి బయటకొస్తుంది. వెనక ఫొటోగ్రాఫరుంటే ఫ్లాష్ కూడా పడుతుంది. ఇంకేముంది! ఏ బాధ తప్పించడానికి లక్షలు పోసి కెమెరా కొన్నారో ఆ బాధ పిట్టకు మళ్లీ మొదటికొచ్చింది. కాదు, ఇంకాస్త పెరిగింది. ఇదివరకు చీకటి దాన్ని దాచేది. వంద పొదల్లో ఎక్కడుందో టార్చికి తెలిసేది కాదు. ఇప్పుడు తిన్నగా దాని ముందుకే పోవచ్చు. దొరక్కుండా కూర్చోవడమే ఆయుధంగా బతికే జీవికి ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

ఆ చుక్క తుపాకీ గొట్టం మీంచి కనపడితే సంగతేంటో వేరే చెప్పాలా? తుపాకులకు బిగించే థర్మల్ స్కోపులు విదేశాల్లో అంగట్లో దొరుకుతున్నాయి. అక్కడ అడవిపందుల వేటకు వాడతారు. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది గానీ, పొలుసుల కోసం అలుగునీ, క్షుద్రపూజల పేరుతో దేవాంగపిల్లినీ పట్టేవాళ్లు చట్టం చదివి అడవికి పోరు. గూడున్న చోటు, కొమ్మ మీద నిద్రపోయే చోటు కెమెరాలో దొరికితే దాన్ని నలుగురికీ చాటకూడదని అనుభవజ్ఞులైన పక్షిప్రేమికులు అనేది ఇందుకే. దూరంనుంచే చూసి, లెక్క రాసుకుని వెనక్కి వచ్చేయడం, పేరు తెలియకపోతే ‘తెలియదు’ అనే రాసుకోవడం... వినడానికి తేలికే. అసలు కష్టమంతా అక్కడే.

దొంగలచేతికీ దొరలచేతికీ ఒకే కత్తి దొరికినప్పుడు ముందు ఎవరు దూస్తారన్నదే లెక్క. కెన్యాలోని మాసాయి మారాలో 2016లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ సాయంతో రేంజర్లకు థర్మల్ కెమెరాలిచ్చారు. కొన్ని నెలల్లోనే రెండు డజన్లకు పైగా దొంగవేటగాళ్లు చీకట్లోనే పట్టుబడ్డారు. ఉత్తరప్రదేశ్‌లోని బహ్రాయిచ్‌లో 2024లో ఊళ్లమీద పడిన తోడేళ్లను వెతకడానికి అటవీశాఖ ఈ డ్రోన్లనే వాడింది. అదే ఏడాది ఫిబ్రవరిలో కోయంబత్తూరు దగ్గర మధుక్కరైలో తమిళనాడు అటవీశాఖ రైలుపట్టాల వెంట 12 టవర్లు వేసి 24 థర్మల్ కెమెరాలు పెట్టింది. ఏనుగు పట్టాలవైపు వస్తుంటే కంప్యూటర్ గుర్తుపట్టి కంట్రోల్ రూముకు కబురు పంపుతుంది, రైలు వేగం తగ్గుతుంది. ఏళ్ల తరబడి ఏనుగులు రైళ్ల కింద పడి చచ్చిపోయిన దారి అది. ఏనుగంత ఒళ్లున్న జంతువుకు ఈ కెమెరా పేరు కూడా చెప్పగలదు. కౌండిన్య అడవి ఏనుగులతో రాత్రుళ్లు జాగారం చేసే చిత్తూరు జిల్లా రైతులకు ఇలాంటి ముందస్తు కబురు విలువేంటో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

సొంతానికి కొనుక్కోవాలనుకునేవారికి రెండు ముక్కలు. కాస్త పనికొచ్చే ఒంటికంటి పరికరం అరలక్షకు అటూఇటూ మొదలై, మంచి రకాలు లక్షల్లోకి పోతాయి. ఫోనుకు తగిలించుకునేవి చవకే గానీ అవి గోడలో తేమ, కరెంటు బోర్డులో వేడి చూసుకోవడానికి. దూరపు పిట్టకు చాలవు. సెన్సర్‌లో ఎన్ని గళ్లున్నాయో చూడాలి. 256 బై 192 అంటే చిన్నది, 640 బై 512 అంటే ఖరీదైనది. కొన్నవాళ్లు మొదటిరోజే అడవికి పరుగెత్తక్కర్లేదు. అభయారణ్యాల్లో అనుమతి లేకుండా రాత్రిపూట అడుగుపెట్టడం ఎలాగూ నేరం. పుష్యమాసపు తెల్లవారుజామున ఊరి చెరువు గట్టు చాలు. గొర్రెలమంద, కుక్కలు, తుమ్మ మీద ముడుచుకున్న కొంగలు, రెల్లులో కదిలే ఎలుక... రోజూ చూసే ఊళ్లో మనకు తెలియకుండా ఇంతమంది కాపురం ఉన్నారా అనిపిస్తుంది. పిల్లలకు ఓసారి ఇచ్చి చూడండి, ఇక తిరిగివ్వరు!

మళ్లీ కలివికోడి దగ్గరికి వద్దాం. 1986 తర్వాత లంకమల అభయారణ్యమైంది. తెలుగుగంగ కాలువను కూడా ఆ పిట్ట కోసం దారి మళ్లించారు. 2009 తర్వాత మాత్రం దాని జాడ గట్టిగా దొరకలేదు. పదిహేనేళ్లు అడవి మౌనంగానే ఉండిపోయింది. 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు దాని పిలుపును రికార్డు చేయగలగడంతో మళ్లీ ఆశ చిగురించింది. ఇన్నేళ్లుగా వెతుకుతున్నవారికి ఇంతకంటే పండగేముంటుంది! ఇక థర్మల్ కెమెరాలతో వెళ్లి చూడటమే తరువాయి అనిపిస్తుంది ఎవరికైనా.

కానీ అక్కడో మెలిక ఉంది. కలివికోడి పిలిచేది పొద్దుగుంకిన ముప్పావుగంట తర్వాత, అదీ కొద్ది నిమిషాలు మాత్రమే. ఆ వేళకు లంకమల రాళ్లు ఇంకా పెనంలా కాగుతూనే ఉంటాయి. కెమెరాలో ప్రతి రాయీ తెల్లగా మెరుస్తుంది. రాళ్లన్నీ చల్లబడి, 27 సెంటీమీటర్ల పిట్ట విడిగా తేలే తెల్లవారుజాముకేమో ఆ గొంతు మూగబోయి ఉంటుంది. సాయంత్రం చెవితో దిక్కు పట్టుకుని, రాత్రంతా అక్కడే కదలకుండా కూర్చుని, నాలుగింటికి కెమెరా తియ్యాలి. ముందు చుక్కలు కనిపిస్తాయి, పొదకో చుక్క. వాటిలో తీతువులు ఎన్నో, కుందేళ్లు ఎన్నో. ఏదో ఒకటి పొడుగుకాళ్లతో నాలుగడుగులు చకచకా పరుగెత్తి, ఠక్కున ఆగుతుంది. టార్చి జేబులోనే ఉంటుంది.